మడత లేని నోట్లు

యసుహికో కవరు విప్పి చూసి, "అక్కా, ఒకసారి ఇలా రా" అని గొంతు తగ్గించి పిలిచాడు.

తల్లి శవపేటిక పక్కన కూర్చున్న చిజురు లేచి వచ్చింది. యసుహికో ఆమె పిన్ని కొడుకు.

పరామర్శకు వచ్చినవాళ్లు డబ్బు పెట్టి ఇచ్చే, నలుపు తెలుపు తాడు కట్టిన కవరు. లోపల మూడు పదివేల యెన్ నోట్లు. మూడింటికీ ఒక్క మడత లేదు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కొత్త నోట్లు పెళ్లిళ్లకు ఇస్తారు గానీ చావింటికి ఎవరు తెస్తారు? ఈ చావు కోసమే ముందుగా తెచ్చిపెట్టుకున్నామని చెప్పినట్టే కదా!

"ఎవరిచ్చారు?"

"అదిగో, ఆ పెద్దాయన. పేరు తైజో అన్నాడు. ఇంటిపేరు అడిగితే నీళ్లు నమిలాడు."

డెబ్బై అయిదు దాటి ఉంటాయి. నల్లకోటు వదులుగా వేలాడుతోంది. అమ్మ ఫోటో ముందు చేతులు జోడించి ఎంతకీ కదలడం లేదు.

చిజురు ఎదురెళ్లి నిలదీసింది.

"ఏమండీ, మా అమ్మ ఎప్పుడు పోతుందా అని కాచుక్కూర్చున్నారా?"

ఆయన తెల్లబోయాడు.

"అయ్యో, లేదమ్మా. అవి వేరే పనికి తీసిపెట్టుకున్నవి. మడత పెడదామనే అనుకున్నా. చేతులు రాలేదు."

"నాకొస్తాయి లెండి."

ఆయన కళ్లముందే నోట్లు మడిచి, గోటితో గట్టిగా నొక్కింది.

"తప్పయింది తల్లీ." ఆయన తలదించుకున్నాడు. "ఒక్క మాట. అస్థికలు ఏరేటప్పుడు నన్ను కూడా రానిస్తావా? ఒక్కటి, చిన్నదైనా చాలు."

"అది ఇంటివాళ్లు చేసే పని. మీరెవరు?"

ఆయన నోరు తెరిచాడు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ఆమె కళ్లు చూసి, చెప్పబోయింది మింగేశాడు.

"పొద్దుటి నుంచి ఏమైనా తిన్నావా అమ్మా?" అని మాత్రం అడిగాడు.

ఆమె ముఖం తిప్పుకుంటే ఆయన నడుం వంచి నమస్కరించి వెళ్లిపోయాడు.

"మతి చలించినట్టుంది. వదిలెయ్ అక్కా" అన్నాడు యసుహికో.

మధ్యాహ్నం శ్మశానంలో దహనం అయ్యాక, అందరికన్నా దగ్గరి మనిషిగా, మొదటి ఎముక చిజురే ఏరింది.

నెల తిరిగాక ఆసుపత్రి సంచీ సర్దుతుంటే సగం అరిగిన లిప్‌స్టిక్ దొరికింది. చివరి రోజుల్లో అమ్మ అడిగి తెప్పించుకుంది.

"ఎవరు చూడాలనే ఈ సోకు?" అని తను ఆటపట్టిస్తే, "చూసేవాళ్లు చూస్తారులేవే" అని సిగ్గుపడింది.

చిజురుకు దుఃఖం ఆగలేదు. తను వెళ్లగలిగింది ఆదివారాలే. మిగతా ఆరు రోజులూ ఆ మంచం మీద అమ్మ ఒంటరిగా ఎలా గడిపిందో!

మర్నాడు ఇల్లు తన పేరుకు మార్పించుకునే కాగితాల కోసం టౌను ఆఫీసుకు వెళ్లింది.

కౌంటరులోని అమ్మాయి కుటుంబ రిజిస్టరు నకలు తీసి చూసింది.

"ఇల్లు మారాలంటే మీ ముద్ర ఒక్కటే చాలదండీ. ఆయనది కూడా పడాలి."

"ఏ ఆయనది? మా నాన్న పోయి ఇరవయ్యేళ్లయింది."

ఆ అమ్మాయి కాగితాన్ని ఇటు తిప్పి వేలు పెట్టి చూపించింది.

అమ్మ పేరు పక్కన, భర్త అన్న చోట, ఆమె ఇంటిపేరునే తన ఇంటిపేరు చేసుకున్న తైజో ఉన్నాడు. పెళ్లి తేదీ, అమ్మ పోవడానికి పదకొండు రోజుల ముందుది.