నక్క చెప్పిన కొత్త కథ

ఒక పెరట్లో ఉన్న ముసలి కోడి, నక్కను నమ్మి ప్రాణాలు పోగొట్టుకున్న పుంజు కథను మనవలకు రోజూ చెప్పేది. ఎన్నిసార్లు విన్నా అవి "మళ్లీ చెప్పవ్వా" అనేవి.

ఆ సంగతి తెలిసి నక్క కంచె దగ్గరకొచ్చి మండిపడింది. "ఏమే ముసలీ! తాతలనాటి కథలతో మా పరువు తీస్తావా? పసివాళ్లను జడిపిస్తావా?"

"నీ బుద్ధి మారిననాడు కథ మారుస్తానురా!" అని కోడి కసిరింది.

నక్క కోపం దిగమింగి పిల్లలవైపు తిరిగింది. "రండర్రా, నేను కొత్త కథ చెబుతా. ఇందులో నక్క చాలా మంచిది. కోడిపిల్లల్ని వీపుమీద ఎక్కించుకుని అడవంతా తిప్పుతుంది."

పిల్లలు ఆశగా రెండడుగులు ముందుకు వేశాయి. అందరికన్నా చిన్నది మాత్రం ఆగి, "మరి ఆకలేస్తే ఆ నక్క ఏం తింటుంది?" అని అడిగింది.

ఆ మాట వినగానే నక్కకు నోరూరింది.

కోడి ఒక్క ఎగురు ఎగిరి దాని ముక్కును రక్తం కారేలా పొడిచింది. నక్క పారిపోయింది. అయినా కోడి కోపం చల్లారలేదు.

"వందసార్లు విన్నారు కదర్రా! అయినా రెండడుగులు వేశారే!" అని మనవల మీద విరుచుకుపడింది.

ఆ రోజు కథ చెప్పమని ఏ పిల్లా అడగలేదు. కోడే వాటిని రెక్కల కిందికి లాక్కుని, మొదటినుంచీ మళ్లీ చెప్పింది.