సున్నా యూనిట్లు

"దొంగ దొరికిందయ్యా!" అన్నాడు ఇంజనీరు, ట్యాబ్ చూస్తూ లైన్‌మన్‌తో.

నగరంలో స్మార్ట్ కరెంటు పథకం ఎలా నడుస్తోందో చూసి మార్కులు వేసే బృందం మర్నాడే వస్తోంది. ఈ వీధికి ప్లాను గీసింది తనే. మొదటి రోజు తప్ప, పదకొండు నెలల్లో ఒక్కసారీ కరెంటు పోలేదు. దాంతో అతని కాళ్లు నేల మీద ఆనడం లేదు.

అడ్డల్లా ఒక్క మీటరే. రోజూ సాయంత్రం ఏడు నుంచి పది దాకా సున్నా.

ఏడున్నరకి వెళ్లి తలుపు తట్టాడు. తీసిన ముసలావిడ వెనక ఇల్లంతా చీకటి.

"మీటరును ఏం చేశారు?"

"ఏం చెయ్యలేదు బాబూ. ఈ వేళప్పుడు నేనేమీ వెయ్యను."

"మూడు గంటలు చీకట్లో కూర్చుంటారా? నా చెవిలో పువ్వు పెడుతున్నారా?"

గుమ్మం ముందు పోగైన జనం నవ్వారు.

"పక్కింట్లో..." అంటూ గొంతు తగ్గించిందావిడ.

"పక్కింటి ఊసెందుకు? మీ సంగతి చెప్పండి!"

లోపలికెళ్లి స్విచ్చి మీద చెయ్యి వేశాడు. ఆవిడ గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు నాయనా, పది దాటాక వెయ్యి. నీకు పుణ్యముంటుంది."

"చూశారా? దొంగతనం బయటపడుతుందని భయం!"

లైటు, ఫ్యాను, హీటరు అన్నీ వేశాడు. మీటరు బుద్ధిగా అంకెలు చూపించింది.

మరుక్షణం వీధి వీధంతా ఆరిపోయింది.

"మిషన్ ఆగిపోయింది!" పక్కింట్లోంచి దర్జీ కేక.

ఇంజనీరు ఫోను లైటుతో పరుగెత్తాడు. ఆగిపోయిన ఆక్సిజన్ మిషన్ పక్కన దర్జీ భార్య ఊపిరందక కొట్టుకుంటోంది. ముసలావిడ అప్పటికే ఆమె తల ఒళ్లో పెట్టుకుని విసురుతోంది.

ఇంజనీరుకు ఆ రాత్రి కన్ను మూతపడలేదు. తెల్లారగానే క్షమాపణ చెప్పడానికి వచ్చాడు. ఆవిడ తలుపుకి తాళం.

"మా ఆవిడ గండం గట్టెక్కింది సార్" అన్నాడు దర్జీ. "పెద్దావిడే ఇల్లు వదిలి వెళ్లిపోయింది. దొంగ అనిపించుకున్న వీధిలో మొహమెలా చూపించను అంది."

"మీకేమవుతారు ఆవిడ?"

"ఏమీ కారు. మీరు వీధికి కొత్త కరెంటు పెట్టె బిగించిన రోజు, అందరూ అన్నీ వేసుకున్న వేళ, ఆవిడ కూడా హీటరు వేసింది. పెట్టె ఆ లోడు మొయ్యలేక వీధంతా ఆరిపోయి మా ఆవిడ ప్రాణం మీదికొచ్చింది. ఆ రోజు నుంచి ఆ వేళకి ఏ స్విచ్చీ ముట్టుకోలేదు."

ఇంజనీరు సిగ్గుతో చచ్చిపోయాడు.

అంతలో బృందం రానే వచ్చింది.

"మొన్నటిదాకా ఒక్కసారీ కరెంటు పోలేదే! ఈ వీధిని ఇంత చక్కగా నడిపిందెవరండీ?" అడిగిందొకామె మెచ్చుకోలుగా.

అతను తలెత్తలేక, తాళం వేసిన తలుపు వైపు చెయ్యి చూపించాడు.