బ్యాకప్‌లో మేనమామ

"కంప్యూటర్ కడుపు నిండింది సుచరితక్కా. నీ మనవరాలి తొట్టెల పండుగ వీడియో ఎక్కించడానికి జాగా లేదు," అన్నాడు బాన్సువాడలో ఫొటో స్టూడియో నడిపే వెస్లీ.

"ఏం తిన్నది గంతగనం?"

"బ్యాకప్. మనం ఏది మార్చినా, దాని పాత కాపీని తనంతట తానే దాచిపెడ్తది. నీ బిడ్డ పెండ్లి వీడియోల మీ అన్నను తీసేయించినవ్ గదా, గది గూడ దాచింది."

తాను తెచ్చిన చీర బాగాలేదని సుచరిత అన్నందుకు, పెళ్లిలో తినకుండా వెళ్లిపోయిన అన్న ఆయన.

"తుడిచెయ్. మాకు లేని ప్రేమ దానికెందుకు?"

"ఒక్కపారి చూసి చెప్పు. తుడిస్తే ఇగ మళ్ల రాడు."

తెరపై అన్న, పెళ్లికూతురు కూర్చున్న గంపను మోసుకొస్తున్నాడు. రెండు చేతులూ ఖాళీ లేక, కళ్లను భుజానికి తుడుచుకుంటున్నాడు.

"మామను తీసేసినంక, పిల్ల ఆకాశం నుంచి సీదా మండపంల దిగినట్టున్నది," అన్నాడు వెస్లీ.

సుచరిత కుర్చీని తెరకు దగ్గరగా జరుపుకుంది.

"తుడవాల్నా అక్కా?"

"తొట్టెల వీడియోల నా డాన్స్ ఎంతుంటది?"

"సగం గదే."

"గది ఎక్కియ్యకు. మా అన్నను ఉండనియ్యి."