మతీల్ వారి బల్ల

"కాస్త ఊపిరి బిగబట్టండి," అంది ఆమె తల ఎత్తకుండానే. "ఈ స్ప్రింగు ఎగిరిపోయిందంటే ఇద్దరం నేల మీద పాకుతూ వెతుక్కోవాలి."

అమ్రైన్ నిజంగానే ఊపిరి బిగబట్టాడు. ఆ పొద్దున్నే జ్యూరిచ్ నుంచి వచ్చాడతను. మతీల్ గడియారాల కంపెనీని అతని యజమానులు కొని మూడు నెలలైంది. పేరు ఉంచుకుని, ఫ్యాక్టరీ మూసేసి, యంత్రాలను తమ దగ్గరికి తరలించాలని వాళ్ళ ఆలోచన. జపాను బ్యాటరీ గడియారాల దెబ్బకు ఆ స్విస్ కొండలోయలో ఒక్కో గడియారాల ఫ్యాక్టరీ మూతపడుతున్న రోజులవి.

అడ్డం ఒక్కటే ఉంది. 1887లో కంపెనీ పెట్టిన ఉలిస్ మతీల్ దస్తావేజులో ఒక షరతు రాయించాడు. తన వంశంలో ఒక్కరైనా ఆ ఊళ్ళో బల్ల ముందు కూర్చుని పనిచేస్తున్నంత కాలం, ఆ పేరుతో గడియారం మరెక్కడా తయారు కాకూడదు. ఆ వంశంలో మిగిలింది మనవరాలు ఎడ్మే ఒక్కతే. పెళ్ళి చేసుకోలేదు, డెబ్భై దాటాయి. మంచం పట్టిందని జ్యూరిచ్ దాకా కబురు వెళ్ళింది. ఆ సంగతి తేల్చుకోవడానికే అమ్రైన్ వచ్చాడు.

ఎడ్మే బల్ల ముందు కనిపిస్తున్నవి మంచం పట్టిన మనిషి చేతులు కావు. వెంట్రుక కన్నా సన్నటి స్ప్రింగును పట్టకారుతో పట్టి, చక్రానికి తగిలించి, అది ఊగే తీరు చూసి ఒక్క పిసరు సరిచేసింది. వేలు వణకలేదు.

"మీకు ఒంట్లో బాగాలేదని విన్నాం," అన్నాడు.

"నన్ను చూస్తే అలా ఉందా?"

ఆమె పని ఆపకుండానే కంపెనీ కథంతా చెప్పుకొచ్చింది. పెద్దాయన మొదట్లో ఆవుల్ని మేపుకునేవాడట. మంచు కిటికీల దాకా పేరుకున్న నెలల్లో పొయ్యి పక్కన కూర్చుని గడియారాలు బిగించి, మంచు కరగగానే వాటిని నడుముకు కట్టుకుని కొండ దాటి వెళ్ళి అమ్మేవాడట. 1932లో పని కరువైతే ఆయన కొడుకు ఒక్కరినీ తీసెయ్యకుండా, వారానికి రెండు రోజుల చొప్పున ఉన్న పనినే అందరికీ పంచాడట. ఆ ఏడాదంతా కోడలు ఫ్యాక్టరీ మొత్తానికీ సూపు కాచి పోసిందట. సొంత తాతను పనివాళ్ళలాగే 'పెద్దాయన' అనడం అమ్రైన్‌కు వింతగా తోచింది. ఆ ఇంటి పద్ధతి కాబోలనుకున్నాడు.

అయినా ఊళ్ళో వాకబు చేశాడు. ఎడ్మే పేరెత్తగానే హోటలావిడ కళ్ళు తుడుచుకుని, ఆమె తమ అందరికీ తల్లిలాంటిదని చెప్పింది. పంచాయతీ గుమాస్తా న్యూమాను అడిగితే, ఫ్యాక్టరీ కిటికీల వెంట బల్లల వరసలో ఆమెను నలభై ఏళ్ళుగా చూస్తున్నానన్నాడు. ఇంత అభిమానం ఉన్నచోట గొడవ పెట్టుకోవడం తేలిక కాదని అమ్రైన్‌కు అర్థమైంది.

భోజనం చేసి మళ్ళీ ఫ్యాక్టరీకి వచ్చాడు.

"ఇంకా ఎన్నాళ్ళు పనిచేద్దామని?"

"ఈ చేతులు వణికేదాకా. మా అమ్మ తొంభై రెండేళ్ళు బతికింది."

"మేం కోర్టుకు వెళ్ళొచ్చు."

"వెళ్ళండి. జడ్జిగారు ఇంత దూరమొచ్చి, ఈ బల్లలూ ఈ పనీ చూసి తీర్పు చెప్పేసరికి ఎన్ని చలికాలాలు పడతాయో. మాకు తొందరేం లేదు, మీకే ఉంది." ఆమె భూతద్దం తీసి బల్ల మీద పెట్టింది. "పదేళ్ళపాటు ఫ్యాక్టరీ ఇక్కడే ఉంటుందనీ, అరవై రెండు మంది పనివాళ్ళలో ఒక్కరినీ తీసెయ్యబోమనీ రాసివ్వండి. ఆ తర్వాత షరతు ఊసు ఈ ఊళ్ళో ఎవరూ ఎత్తరు. పేరు మీ ఇష్టం."

అమ్రైన్ మనసులో లెక్క వేసుకున్నాడు. తల్లి పోలికే వస్తే ఇరవై ఏళ్ళు ఆగాలి. దానికన్నా పదేళ్ళు నయం. జ్యూరిచ్‌కు ఫోన్ చేసి ఒప్పించాడు. కాగితం టైపు చేయించి, సంతకం పెట్టి ఆమె ముందుంచాడు.

"నాది చేతిపని, కాగితాల పని కాదు," అందామె. "ఊరి తరఫున న్యూమా పెడతాడు."

న్యూమా పెట్టాడు.

అమ్రైన్ కోటు తొడుక్కుని, ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని, మతీల్ వంశంలో ఇంత మొండిమనిషి మరొకరు ఉండరని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. ఆమె చిన్నగా నవ్వింది. కారు కొండ మలుపు దాటేదాకా అరవై రెండు మందీ కిటికీల దగ్గర నిలబడి చూశారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆమె కిటికీ దగ్గర్నుంచి వచ్చి, కుర్చీని మెల్లగా బల్ల కిందికి తోసి, పక్క బల్ల దగ్గర తన చోట్లోకి వెళ్ళి కూర్చుంది.

ఎడ్మే మతీల్ పోయి ఆ రోజుకు పన్నెండు రోజులు.