ఐదో గడి

"ఫారం తెచ్చారా?"

"అయ్యో, మర్చిపోయానమ్మా. వచ్చే మంగళవారం తప్పకుండా తెస్తా."

లోరెయిన్ నమ్మలేదు. పోయిన వారం ఫారం మీద టీ ఒలికిందన్నాడు. అంతకుముందు వారం వేరే కోటు వేసుకొచ్చానన్నాడు.

రేవు పక్కనున్న ఆ చిన్న లైబ్రరీని ఆమె ఇరవై రెండేళ్లుగా నడుపుతోంది. మంగళవారం సాయంత్రాలు పిల్లలు ఇంగ్లీషు పరీక్షకు చదువుకోవడానికి వస్తారు. వాళ్లకు సాయం కూర్చునే పెద్దలు ఎవరైనా సరే, నేరచరిత్ర లేదని పోలీసులు తేల్చడానికి ఒక ఫారం నింపి ఇవ్వాలి. ఇంగ్లండులో ఎక్కడికి వెళ్లినా అదే పద్ధతి. దాన్లో ఉన్నవి ఐదు గళ్లు.

విల్ఫ్ మూడు నెలలుగా ఆ ఐదు గళ్లూ నింపడం లేదు.

డెబ్భైకి దగ్గరపడిన మనిషి. చేపల పడవల మీద పనిచేశానంటాడు. చలికాలంలో హీటర్ పక్కన కూర్చోవడానికని వచ్చి, మెల్లగా పిల్లల బల్ల దగ్గరికి జరిగాడు. లైబ్రరీకి వస్తాడు గానీ ఒక్క పుస్తకమూ ఇంటికి తీసుకెళ్లడు. ఇదెక్కడి విడ్డూరమో అని లోరెయిన్‌కి అనుమానం.

ఆయన దగ్గర ఎక్కువగా కూర్చునేది టామ్‌సిన్. నిరుడు ఇంగ్లీషు తప్పింది. ఈసారీ తప్పితే నర్సింగ్ ఆశ వదులుకోవాల్సిందే.

"కవి ఇక్కడ ప్రతీక వాడారు," అని రాసుకుంటోంది ఆ పిల్ల.

"మళ్లీ ఒకసారి గట్టిగా చదువు తల్లీ," అన్నాడు విల్ఫ్ కళ్లు మూసుకుని.

చదివింది. ఆ కవితలో ఇంట్లో ఉన్నది ముగ్గురే. తల్లి మాత్రం రోజూ నాలుగు కంచాలు పెడుతుంది.

"ఆ నాలుగో కంచం ఎవరిది?"

"ప్రశ్నలో అది అడగలేదుగా!"

"నేనడుగుతున్నా. చెప్పు."

టామ్‌సిన్ పెన్ను కొరికింది. "ఇంటికి రాని వాడిది. వాడు పోయాడని ఆవిడ ఇంకా ఒప్పుకోవట్లేదు."

"మరి అది రాయవే! ప్రతీక ఎక్కడికీ పారిపోదు."

ఇంకో వారం పాఠంలో పాతకాలపు నావికుడు తల్లికి రాసిన ఉత్తరం ఒకటి వచ్చింది.

"తుఫానులో ఉండి, ఉత్తరం నిండా టీ గోలేంటి వీడికి?" అని విసుక్కుంది టామ్‌సిన్.

"భయపడ్డవాడు అమ్మకి టీ సంగతే చెబుతాడు పిల్లా. మా పడవలో అందరం అంతే."

టామ్‌సిన్ మార్కులు పెరిగాయి. లోరెయిన్ అనుమానమూ పెరిగింది.

"పిల్ల రాసింది కాస్త దిద్దొచ్చుగా?" అంది ఒకరోజు.

"నోటితో చెబుతున్నాగా అమ్మా."

చేతిరాత ఎక్కడా దొరక్కుండా జాగ్రత్తపడుతున్నాడు, ఘటికుడే, అనుకుంది లోరెయిన్.

ఏప్రిల్ చివర్లో ఓపిక నశించి, కొత్త ఫారం తెచ్చి అందరి ముందూ బల్ల మీద పెట్టింది.

"ఇక్కడే నింపండి. ఇదిగో పెన్ను."

విల్ఫ్ పెన్ను వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంటికి తీసుకెళ్తానమ్మా."

"ఐదు గళ్లండీ! దాచుకోవాల్సింది ఏమీ లేని మనిషికి ఐదు నిమిషాల పని."

పిల్లలంతా రాయడం ఆపేశారు. ఆయన ఫారం నాలుగు మడతలు పెట్టి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వన్నది న్యాయమేనమ్మా," అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

"పరీక్ష ఇంకా మూడు వారాలే! ఇప్పుడు నాకెవరు చెబుతారు?" అంది టామ్‌సిన్ ఏడుపు గొంతుతో.

"నీ మంచికేనమ్మా. ఎవడెవడో ఏంటో మనకేం తెలుసు?"

లోరెయిన్ ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయింది.

ఆగస్టులో ఫలితాలు వచ్చాయి. టామ్‌సిన్ ఆ కాగితం పట్టుకుని లైబ్రరీకి పరిగెత్తుకొచ్చింది.

"పాసయ్యాను! విల్ఫ్‌కి చెప్పాలి, ఇల్లెక్కడ?"

లోరెయిన్ దగ్గర చిరునామా లేదు. అది ఉండాల్సింది ఆ ఫారంలోనే.

టామ్‌సిన్ రెండు రోజులు రేవులో చేపల కొట్లన్నీ తిరిగింది. శనివారం ఒక పెద్దావిడను వెంటబెట్టుకొచ్చింది. పిల్ల కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నేను విల్ఫ్ చెల్లెలు బెరిల్‌ని," అంది ఆ పెద్దావిడ. "అన్నయ్య జులైలో పోయాడు. గుండెపోటు. ఇది మీకివ్వాలని ఎప్పుడూ అంటుండేవాడు."

నాలుగు మడతల కాగితం. లోరెయిన్ విప్పింది.

పెన్సిల్‌తో పెద్ద పెద్ద అక్షరాలు. చెరిపి రాసి, చెరిపి రాసి, ఒకచోట కాగితానికి చిల్లు పడింది. పేరుంది. పుట్టిన తేదీ, చిరునామా, చేసిన పని, అన్నీ ఉన్నాయి. ఐదో గడిలో సంతకం మాత్రం సగంలో ఆగింది.

లోరెయిన్ కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. ఇన్నేళ్ల అలవాటు ఊరుకోనివ్వలేదు.

"ఇది ఆయన రాతేనా? చిన్నపిల్లలెవరితోనో రాయించినట్టుందే?"

బెరిల్ ఆ కాగితాన్ని వేళ్లతో నిమిరింది.

"అన్నయ్య రాతేనమ్మా. మీరు పంపేసిన మర్నాడే పెద్దవాళ్ల అక్షరాల క్లాసులో చేరాడు. అప్పటిదాకా ఆయనకు తన పేరు రాయడం కూడా రాదు."