యాక్సిడెంట్ రిజిస్టర్

రెజిమెంటల్ బజార్‌లోని ఆ సూపర్ మార్కెట్లో వార్షికోత్సవం సేల్. షట్టర్ ఎత్తకముందే జనం.

బ్యూలా సేల్స్‌గర్ల్‌గా చేరి పదకొండు రోజులు. మొదటి సేల్ కదా, కాలు ఒక్కచోట నిలవడం లేదు.

ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ దగ్గర చేతికర్రతో ఒకామె నిలబడి ఉంది. ఫ్రీజర్ కింద కారుతున్న నీళ్ల మీద అట్ట పరిచి, వచ్చేవాళ్లను పక్కకు మళ్లిస్తోంది.

"ఏం కావాలమ్మా?"

"ఏం వద్దు బిడ్డా. ఇటు ఉరుక్కుంట రాకు, జారుతది."

మేనేజర్ విజయేందర్ చూశాడు.

"మళ్ల వచ్చిందా ఈమె? వచ్చినప్పుడల్లా ఇదే పరేషాన్. బయటికి పంపు బ్యూలా. ఆ అట్ట సుత తీసెయ్."

సార్ తనను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. బ్యూలా గబగబా అట్ట తీసేసింది. ఆమెను చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించింది.

"నన్ను పంపు గని, అట్ట తియ్యకు బిడ్డా," అంది ఆమె.

పదకొండింటికి మైకు మోగింది. ఇప్పుడు బిల్లు చేయించే మొదటి వంద మందికి గిఫ్ట్ అట.

జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. బ్యూలా గిఫ్ట్ డబ్బాలు గడ్డం దాకా పేర్చుకుని పరుగెత్తింది.

ఫ్రీజర్ ముందు కాలు జారింది. డబ్బాలు అటు, తను ఇటు. తుంటి దగ్గర ఏదో టక్కుమంది.

సెక్యూరిటీని నెట్టుకుని అందరికంటే ముందు ఆ చేతికర్ర ఆమే వచ్చింది.

"ఎవ్వరూ లేపకుండ్రి." నేల మీద కూలబడి బ్యూలా చెయ్యి పట్టుకుంది. "సార్, యాక్సిడెంట్ రిజిస్టర్ తెప్పియ్."

"ముందు అంబులెన్స్ పిలవనియ్యమ్మా. రాసుడు తర్వాత."

"అంబులెన్స్ లాస్య పిలుస్తది. నువ్వు రాయి. డ్యూటీల ఉండంగ నీళ్లల్ల జారి పడ్డదని రాయి. టైమ్ వెయ్యి."

తోటి సేల్స్‌గర్ల్ లాస్య అప్పటికే ఫోన్ తీసింది. జనమంతా చూస్తున్నారు. విజయేందర్ రాశాడు. ఆమె అది పైకి చదివించుకుని, ఇద్దరు కస్టమర్లతో సాక్షి సంతకాలు పెట్టించింది.

ఆ రిజిస్టర్ పేజీ చూసే ఈఎస్ఐ బీమా వాళ్లు బ్యూలాకు ఆపరేషన్ చేయించారు. సెలవూ ఇచ్చారు. ఉద్యోగం నిలిచింది.

వారం తర్వాత లాస్య ఆస్పత్రికి వచ్చింది.

"ఆ అమ్మ ఎవరు లాస్యక్కా? నా చేతులతోనే బయటికి పంపిన. మాఫీ అడుగుదామంటే పేరు సుత తెల్వదు."

లాస్య స్టూలు మంచం దగ్గరికి జరుపుకుంది.

"శ్యామలమ్మ. మా దగ్గర ఆరేండ్లు చేసింది. ఆ ఫ్రీజర్ కాడ్నే ఆమె పడ్డనాడు రిజిస్టర్ల ఎవ్వరూ రాయలే. పక్కనే ఉన్న, నేను సుత నోరు తెరవలే. ఆమె నౌకరి పోయింది."

"ఎప్పుడు?" అంది బ్యూలా.

"ఆమె జాగలనే నిన్ను తీసుకున్నరు."