నోరున్న గోడ

అన్ని బళ్లలోలాగే నేను వాచ్‌మన్‌గా ఉన్న బడిలోనూ గోడలు మాట్లాడతాయి. "నిటారుగా కూర్చోండి, నీళ్లు తాగండి" అని పొద్దస్తమానం ఒకటే నస. మొన్న ల్యాబులో మంట లేచి, "దయచేసి బయటికి వెళ్లండి" అని గోడ చెప్పినా ఒక్కరూ కదల్లేదు. ఎలాగో మంట ఆరింది.

తొమ్మిదో తరగతి మోక్షిత పిల్లలందరినీ వెంటేసుకుని హెడ్మాస్టరు దగ్గరికొచ్చింది.

"గోడ మాట ఎవరూ వినట్లేదు సార్. ప్రమాదమొస్తే వాచ్‌మన్ తాత అరవాలి."

"ఆయన నోరు విప్పగా నేనెప్పుడూ చూళ్లేదే!"

"అందుకే సార్."

సరే చూద్దామని మర్నాడు హెడ్మాస్టరే పరీక్ష పెట్టాడు. "పారిపోండర్రా!" అని ఒక్క కేక వేశాను. బడంతా మైదానంలో పడింది. అందరికన్నా ముందు హెడ్మాస్టరు, ఒంటి చెప్పుతో.

"మంటెక్కడయ్యా?" అన్నాడు రొప్పుతూ.

"మీరు పెట్టిన పరీక్షే కదా సార్" అంది మోక్షిత.

లోపల ఖాళీ బెంచీలకు గోడ ఇంకా చెబుతూనే ఉంది, నిటారుగా కూర్చోమని.